బల్బు కట్టే ముందు కోడిని ఒకసారి చేతుల్లోకి తీసుకోండి

పోయిన డిసెంబరులో మా మేనత్త ఫోన్ చేసింది. వాళ్ళది తెనాలి దగ్గర పల్లెటూరు. ఇంటి వెనక పదిహేను సెంట్ల దొడ్డి, అందులో రెండు కొబ్బరి చెట్లు, ఒక గడ్డివాము, ఇరవై రెండు పెట్టలు, రెండు పుంజులు.

"ఒరేయ్ అబ్బాయ్, ఎవరి కళ్ళు పడ్డాయో ఏంటో, దసరాకి రోజూ తొమ్మిదీ పదీ గుడ్లు ఏరుకున్నదాన్ని, ఇప్పుడు నాలుగొస్తే గొప్ప. చలికి ముడుచుకుపోయాయంటాడు మీ బావ. ఫోన్లో ఏదో వీడియో చూసి గూట్లో బల్బు కడతానంటున్నాడు, రాత్రంతా వేసే ఉంచాలంట. కట్టమంటావా?"

ఆదివారం నేను వచ్చేదాకా ఆగమన్నాను. ఎందుకంటే ఆ వీడియోలు చాలావరకు మంచు కురిసే దేశాల వాళ్ళు తీసినవి, లేదా వాటిని చూసి మనవాళ్ళు తీసినవి. అందులో చెప్పేది అబద్ధం కాదు. కానీ గుంటూరు జిల్లా కోడికి అది సగమే వర్తిస్తుంది, మిగతా సగం ఇక్కడి ఎండలో, ఇక్కడి గడ్డివాములో ఉంది.

ముందు చలి సంగతి తేల్చేద్దాం, ఎక్కువమంది పొరబడేది అక్కడే. కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీలు, పైన ఈకల దుప్పటి. 18 నుంచి 24 డిగ్రీల మధ్య వాతావరణం దానికి హాయి. మన దగ్గర ధనుర్మాసపు రాత్రులు కూడా ఇంచుమించు ఆ లెక్కలోనే ఉంటాయి. మనం స్వెటర్ వేసుకుని ముగ్గు పెట్టే వేళ కోడికి ఏసీ గదిలో ఉన్నట్టు. కాబట్టి చలికి గుడ్లు మానేసిందన్న మాట మన ప్రాంతంలో నిలబడదు, దాన్ని వేడి చేయాల్సిన పనీ లేదు.

మరి డిసెంబరులో ఏమవుతోంది? పగలు తగ్గుతోంది.

కోడి గుడ్డు పెట్టేది మన ఆమ్లెట్ కోసం కాదు కదా, పిల్లల కోసం. పిల్లలకు పురుగూ పుట్రా గింజా దొరికే కాలం వస్తోందా పోతోందా అనేది దానికి తెలియాలి, అందుకు దాని దగ్గరున్న క్యాలెండరు పగటి పొడవే. విచిత్రం ఏంటంటే ఈ పగటిని అది కళ్ళతో మాత్రమే చూడదు. పలచని పుర్రె ఎముక గుండా వెలుతురు లోపలికి దిగి మెదడు అడుగున హైపోథాలమస్ దగ్గరున్న కణాలకు తగులుతుంది, ఎర్రటి వెలుగు అయితే ఇంకా బాగా దిగుతుంది. చూపు లేని కోడి కూడా పగలు పెరిగితే గుడ్లకొస్తుంది. ఆ కణాలు కదిలితే పిట్యూటరీ గ్రంథి కదులుతుంది, దాని హార్మోన్లకు అండాశయం మేలుకుంటుంది. పగలు రోజురోజుకీ తగ్గుతూ పోతే ఇదంతా వెనక్కి నడుస్తుంది. పధ్నాలుగు నుంచి పదహారు గంటల వెలుతురు ఉంటే పెట్ట నిండుగా పెడుతుంది. పన్నెండుకి దిగి ఇంకా తగ్గుతూ ఉంటే "ఇప్పుడు కాదులే" అనుకుంటుంది.

ఇప్పుడు మన లెక్క చూడండి. విజయవాడలో డిసెంబరు 21న సూర్యుడు ఆరున్నరకు అటూ ఇటూగా వచ్చి ఐదూ నలభైకి పోతాడు, అంటే పగలు 11 గంటల పది నిమిషాలు. జూన్ 21న 13 గంటలు దాటుతుంది. ఏడాది మొత్తంలో తేడా రెండు గంటలే. అదే లండన్‌లో డిసెంబరు పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు, జూన్‌లో పదహారు దాటుతుంది. అక్కడి కోడి నెలల తరబడి పూర్తిగా బంద్ పెట్టడంలో ఆశ్చర్యం లేదు. మన కోడికి తగిలేది చిన్న దెబ్బ. పైగా ఇళ్ళల్లో పెరిగిన కోడి, దాని పూర్వీకురాలైన అడవి కోడి అంత గట్టిగా పగటి పొడవుకి కట్టుబడి ఉండదు. పగటి పొడవును పట్టించుకోవడంలో పాత్ర ఉన్న టీఎస్‌హెచ్‌ఆర్ అనే జన్యువు దాదాపు పెంపుడు కోళ్ళన్నిట్లోనూ మారిపోయి ఉందని 2010లో బయటపడింది. అడవి కోడి ఒక విడతకు నాలుగో ఆరో పెట్టి ఊరుకుంటుంది, ఫారంలో గుడ్ల కోసమే పెంచే లేయరు కోడి ఏడాదికి మూడు వందలు దాటిస్తుంది.

మరి రెండు గంటల తేడాకి పది గుడ్లు నాలుగయ్యాయంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. అందుకే ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. గూడు తలుపు తీయకముందే, ఒక్కో కోడినీ పట్టుకుని చూద్దామన్నాను. మా బావ నవ్వాడు, "ఏంట్రా, పెళ్ళిచూపులా?" అని.

ఇలా చూడాలి. పెట్టను చంకలో పెట్టుకుని, తోక కింద రెండు పక్కలా ఉండే సన్నటి ఎముకల మధ్య వేళ్ళు పెట్టండి. గుడ్లు పెడుతున్న కోడికి అక్కడ రెండు మూడు వేళ్ళు పడతాయి, పొట్ట మెత్తగా సాగుతుంది. మానేసినదానికి ఒక్క వేలు పట్టడమే గగనం. నెత్తి మీది జుట్టు కూడా చూడండి, గుడ్లలో ఉన్నదానిది ఎర్రగా నిగనిగలాడుతుంది, లేనిదానిది పాలిపోయి ఎండుతున్న తమలపాకులా ముడుచుకుంటుంది. ఆ తర్వాత రెక్క విప్పాలి.

రెక్క విప్పేసరికే సగం కథ తెలిసిపోయింది. ఏడు కోళ్ళకు పాత ఈకల మధ్య నల్లటి గొట్టాల్లా కొత్త ఈకలు మొలుస్తున్నాయి, నొక్కితే లోపల నెత్తురు ఉన్నట్టు తెలుస్తుంది. అవి ఈకలు మార్చుకుంటున్నాయి. పగలు తగ్గే కాలంలో ఏడాది దాటిన పెట్టలు చేసే పని ఇదే. ముందు తల, మెడ, తర్వాత ఛాతీ, రెక్కలు. ఈకంటే దాదాపు మొత్తం మాంసకృత్తులే, ఒళ్ళంతా కొత్త ఈకలు తొడుక్కోవాలంటే తిన్నదంతా అటే పోతుంది, గుడ్డుకి మిగలదు. కొన్ని రెండు నెలల్లో తెముల్చుకుంటాయి, కొన్ని మూడు నెలలు దాటిస్తాయి. "రోగమేమో అనుకుని ముసలి నాటువి రెండింటిని పండక్కి కోసేద్దామనుకున్నా" అంది అత్త. కోస్తే కోసుకోవచ్చు గానీ రోగమైతే లేదు. ఈ సమయంలో వాటికి కావలసింది ఎండుచేపల పొడో, వేరుశనగ చెక్కో, మాంసకృత్తులున్న మరేదైనా దాణానో. నూకలూ తౌడూ మాత్రమే పోస్తే ఈకలు రావడానికే శివరాత్రి దాటుతుంది.

నాలుగు నాటు పెట్టలు పొదుగు మీద ఉన్నాయి. ఇది చెప్పక్కర్లేదు, ముట్టుకుంటేనే ఒళ్ళంతా ఉబ్బించి, కర్రుకర్రుమని చేయి పొడుస్తాయి. కింద గుడ్డున్నా లేకపోయినా కదలవు. నాటుకోడి పన్నెండో పదిహేనో గుడ్లు పెట్టాక ప్రొలాక్టిన్ అనే హార్మోను పైకి లేచి అండాశయాన్ని పడుకోబెట్టేస్తుంది, ఆపైన 21 రోజులు పొదుగు, తర్వాత రెండు నెలలు పిల్లల వెంట తిరుగుడు. ఏడాదికి నాటుకోడి యాభై అరవై గుడ్ల దగ్గర ఎందుకు ఆగిపోతుందంటే ఇందుకే, దానికి పెట్టడం చేతకాక కాదు. అత్త దొడ్లో సగం గ్రామప్రియ కోళ్ళు, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి కోసం తయారుచేసిన రకం, వాటికి ఈ పొదుగు పిచ్చి దాదాపు లేదు. పిల్లలు అక్కర్లేకపోతే పొదుగు విడిపించడానికి మా ఊళ్ళో వెనకటికి ముక్కులో ఈక గుచ్చేవాళ్ళు, నీళ్ళలో ముంచేవాళ్ళు. అంత హింస ఎందుకు? అడుగున గాలి తగిలే జాలీ పంజరంలో నీడపట్టున మూడు నాలుగు రోజులు ఉంచి, నీళ్ళూ మేతా మామూలుగా పెడితే పొట్ట చల్లబడి అదే దిగుతుంది. గుడ్లు గూట్లో పోగుపడనివ్వకుండా రోజూ తీసేస్తే పొదుగు కూర్చోవడం కూడా కాస్త వెనక్కి పోతుంది.

మూడు కోళ్ళు నాలుగేళ్ళు దాటినవి. వాటి గురించి మాట్లాడటానికి ఏమీ లేదు.

ఆరు మాత్రం జుట్టు ఎర్రగా, ఎముకల మధ్య మూడు వేళ్ళు పట్టేలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ ఆ ఏడాది వేసవి చివర పొదిగించినవి. ఏడాది నిండని పెట్టలు మొదటి చలికాలాన్ని పెద్దగా పట్టించుకోవు, ఈకలూ రాల్చవు. అందుకే ఒకే దొడ్లో ఒకటి కొక్కరిస్తూ ఉంటే పక్కది బోడిగా తిరుగుతుంది. ఇంతకీ ఆరు పెడుతుంటే గుడ్లు నాలుగే ఎందుకొస్తున్నాయి? గుడ్డు తయారవడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది, అందుకని రోజూ కాస్త ఆలస్యంగా పెడుతూ పోయి, మధ్యాహ్నం దాటేసరికి ఒక రోజు ఎగ్గొట్టి మళ్ళీ పొద్దున మొదలుపెడుతుంది. ఇది ఎంత మంచి కోడికైనా తప్పదు. కానీ ఇక్కడ అది ఒక్కటే కాదు. పది గంటలప్పుడు ఒక గ్రామప్రియ పెట్ట అటూ ఇటూ చూసుకుంటూ, దొంగతనానికి వెళ్ళేవాళ్ళలా మెల్లగా గడ్డివాము వెనక్కి జారుకోవడం మా బావే చూశాడు. చేయి పెట్టి తీస్తే పదకొండు గుడ్లు. అత్త మొహం చూడాలి ఆ క్షణంలో! నీళ్ళ బకెట్‌లో వేస్తే ఏడు మునిగాయి, నాలుగు తేలాయి. తేలినవి పారేశాం.

మిగిలింది రెండు కోళ్ళు. ఈకలు రాల్చడం లేదు, పొదుగు లేదు, ముసలివి కావు, జుట్టు మాత్రం ముడుచుకుంది. వెలుతురు తగ్గి ఆగాయని నేను ఒప్పుకున్నది ఈ రెండింటినే. ఇరవై రెండింటిలో బల్బు నేరుగా పనికొచ్చేది వీటికే.

బల్బు అసలు వద్దని కాదు. గుడ్లు అమ్ముకునేవాళ్ళకు, ముఖ్యంగా గ్రామప్రియ లాంటివి యాభై వందా ఉన్నవాళ్ళకు లాభమే. కానీ రాత్రంతా వేసి ఉంచితే కోడికి నిద్ర ఉండదు, చిరాకుతో ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. సాయంత్రం పెంచడం కన్నా తెల్లవారుజామున పెంచడం మేలు, ఎందుకంటే రాత్రి తొమ్మిదింటికి లైటు ఠక్కున ఆరిపోతే ఇంకా దండెం ఎక్కని కోళ్ళు చీకట్లో తడుముకుంటాయి. నాలుగింటికి వెలిగి ఆరున్నరకు ఆరేలా ఒక టైమరు పెడితే, సందె వెలుగుతో కలిపి పధ్నాలుగు గంటలు వచ్చేస్తాయి. ఒక్కసారిగా కాదు, వారానికి అరగంట చొప్పున జరపాలి. పసుపు వెలుగు ఇచ్చే చిన్న ఎల్‌ఈడీ చాలు, గూట్లో పేపరు అక్షరాలు కనబడితే సరిపోతుంది. మొదలుపెట్టాక పగలు మళ్ళీ పెరిగేదాకా ఆపకూడదు, మధ్యలో వారం రోజులు కరెంటు పోతే ఉన్న గుడ్లూ పోయి ఈకలు రాల్చడం మొదలుపెట్టొచ్చు. ఎదిగే పిల్లలున్న గూట్లో మాత్రం కట్టకండి. ఒళ్ళు నిండకముందే గుడ్లకొస్తే చిన్న చిన్న గుడ్లు పెట్టి, కొన్నిటికి గుడ్డు దిగే గొట్టం బయటికి జారి చచ్చిపోతాయి. ఈకలు మార్చుకుంటున్నవాటిని కూడా బల్బు పెట్టి తొందరపెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం, ఆ విశ్రాంతి దాని ఒంటికి అవసరం.

ఇక్కడ ఒక అనుమానం వస్తుంది. చలికాలంలో కోళ్ళు ఇంత మొండికేస్తే బజార్లో గుడ్లకు కొరత ఎందుకు రాదు? ఫారాల్లో పదహారు గంటల వెలుతురు, లెక్కగట్టిన దాణా, కాబట్టి వాటికి కార్తీకమూ లేదు ధనుర్మాసమూ లేదు. అయినా ఆ నెలల్లో గుడ్డు ధర ఎక్కుతుంది. మన వీధిలో సగం మంది కార్తీకమాసం అని గుడ్డు ముట్టకపోయినా ఎక్కుతుంది, ఎందుకంటే మన లారీలు బెంగాల్, అస్సాం వైపు వెళ్తాయి, అక్కడ చలి పెరిగేకొద్దీ గుడ్డు తినేవాళ్ళు పెరుగుతారు. 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ, అందరూ నెక్ అనేది, రోజూ ప్రకటించే ధరల్లో విజయవాడ ధర చూస్తుంటే ఇది తెలిసిపోతుంది. అంటే బజారు గుడ్డు ధరకు తినేవాళ్ళు కారణం, పెరటి గుడ్డు లేకపోవడానికి కోడి కారణం. రెండూ ఒకే నెలలో జరిగేసరికి మనం ఒకే ముడి వేసేస్తాం.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది, అత్త దొడ్లో గుడ్లు మళ్ళీ ఎనిమిదికి చేరాయి. ఫిబ్రవరి, మార్చి మన కోడికి బంగారు కాలం. పగలు పెరుగుతూ ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు, కొత్త ఈకలు వచ్చి ఉంటాయి. పక్కన మిరప కల్లాలు కూడా అప్పుడే. కోళ్ళు వెళ్ళి ఎర్రటి మిరపకాయలను ఏ మాత్రం జంకకుండా పొడుచుకుతింటాయి, పక్షులకు కారం మంట తెలియదు మరి. ఆ రంగు పచ్చసొనలోకి దిగి గుడ్డు ఉడకబెడితే లోపల నారింజ పండులా ఉంటుంది. కారంగా మాత్రం ఉండదు, అడిగేవాళ్ళు ఉంటారు కాబట్టి చెప్తున్నాను.

మే నెలలో మళ్ళీ ఫోన్. "ఈసారి గుడ్లు తగ్గడమే కాదురా, తోలు గుడ్లు. చేత్తో పట్టుకుంటే బుడగలా నొక్కుకుపోతోంది."

పగటి పొడవు లెక్కే నిజమైతే మే, జూన్ నెలల్లో గుడ్లు విరగకాయాలి. చల్లటి దేశాల్లో అలాగే జరుగుతుంది. మన దగ్గర వెలుతురు ఎప్పుడు నిండుగా ఉంటుందో సరిగ్గా అప్పుడే రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండ. వెలుతురు పెట్టమంటుంది, వేడి పెట్టనివ్వదు. అందుకే మన పెరట్లో గుడ్ల కాలం ఒకటి కాదు, రెండు. సంక్రాంతి దాటాక ఒకటి, వానలు తగ్గి దసరా వచ్చే వేళ ఒకటి. నా లెక్కలో మన కోడికి అసలైన గడ్డుకాలం డిసెంబరు కాదు, మే. డిసెంబరులో గుడ్లే పోతాయి, మేలో కోడే పోతుంది.

కోడికి చెమట పట్టదు. మండే ఎండలో వేడి దిగాలంటే నోరు తెరిచి రొప్పడమే ముఖ్యమైన దారి. రొప్పినప్పుడల్లా ఒంట్లోని బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది, గోలీసోడా మూత కొట్టి వదిలేస్తే గ్యాసు పోయినట్టు. ఇప్పుడు గుడ్డు పెంకు ఏంటో ఆలోచించండి. అది కాల్షియం కార్బొనేట్. గోడకు కొట్టిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి గట్టిపడితే వచ్చేదీ అదే. ఒక పెంకులో దాదాపు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది, దానికి జత కలవాల్సిన రెండో సరుకు నెత్తుట్లో కరిగున్న ఆ వాయువు నుంచే రావాలి. పగలంతా రొప్పి రొప్పి అది కాస్తా ఊదేస్తే పెంకు పలచబడుతుంది. దానికి తోడు వేడికి మేత తినదు కాబట్టి కాల్షియమూ తగ్గుతుంది, తన ఎముకల్లోంచి తీసి కొంత సర్దుతుంది గానీ ఎన్నాళ్ళని?

అత్త ఏం చేస్తోందని అడిగితే మధ్యాహ్నం ఒంటిగంటకు, పాపం తినడం లేదని, ఎదురుగా నిలబడి మరీ నూకలు పోస్తోంది. అరిగించుకోవడం కూడా ఒంటికి వేడే. మేత తెల్లవారుజామున ఐదింటికి, మళ్ళీ సాయంత్రం ఎండ దిగాక పెట్టమన్నాను. నీళ్ళు మట్టి మూకుళ్ళలో, నీడలో, మధ్యాహ్నం తప్పనిసరిగా మార్చి. ఎండాకాలం కోడి మామూలు కన్నా రెట్టింపు తాగుతుంది, కాగిన నీళ్ళు పెడితే తాగదు. ఆల్చిప్పల పొడి విడిగా ఒక చిప్పలో సాయంత్రం పూట, అదీ మరీ మెత్తగా కాకుండా రవ్వలా. పెంకు పడే పని దాదాపు ఇరవై గంటలు సాగుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రే, అప్పుడు పొట్టలో మెల్లగా కరిగే గులక ఉంటే అక్కరకొస్తుంది. తమలపాకులకు వాడే సున్నం కలుపుదామంది అత్త. వద్దు, అది నోరూ పేగూ కాలుస్తుంది.

గూడు రేకులది. పైన తాటాకులు పరిచి వాటి మీద నీళ్ళు చల్లుతున్నారు, బాగానే ఉంది. కానీ మా బావ నాలుగు వైపులా తడి గోనెసంచులు కట్టేసి గాలి రాకుండా మూసేశాడు. తెనాలి ఎండ రాయలసీమ ఎండ కాదు, ఉక్కపోత. గాలిలో ఇప్పటికే తేమ ఉంటే రొప్పినా నోట్లో తడి ఆరదు, వేడి దిగదు. పడమర వైపు ఒక్కటి ఉంచి మిగతా మూడూ విప్పించాను. గుడ్లు కూడా పొద్దున, మధ్యాహ్నం రెండుసార్లు ఏరి లోపల చల్లటి చోట పెట్టాలి. పుంజు తిరిగే దొడ్లో గుడ్డును మే నెలలో బయట వదిలేస్తే కోడి పొదగకపోయినా ఆ ఎండ వేడికే లోపల పిండం కదలడం మొదలుపెడుతుంది, పగలగొడితే నెత్తుటి జీరలు కనిపించేది అందుకే. నాటు పెట్టలను మే నెలలో పొదుగు వేయకూడదని పెద్దవాళ్ళు అనేది కూడా ఇలాంటి గుడ్లు చూసే అయ్యుంటుంది.

ఇప్పుడు అత్త గోడ మీది క్యాలెండరులో రోజుకెన్ని గుడ్లో రాస్తోంది, కింద తనకు మాత్రమే అర్థమయ్యే గుర్తులు. ఈకలు రాలుస్తున్నదానికి "ఈ", పొదుగుకి "పొ", గడ్డివాములో దొరికిన రోజుకి ఒక దొంగ బొమ్మ. మా బావ కొన్న బల్బు బాత్రూంలో వెలుగుతోంది.